గుజ్జు సంగతి సరే, తొడ సంగతేంటి?

“మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందండీ.”

బీపీ, షుగర్ చూపించుకోవడానికి వచ్చినవారిని “రోజూ నడుస్తున్నారా?” అని అడిగితే తరచూ వచ్చే జవాబు ఇది. తెనాలి వారైనా, బాపట్ల వారైనా, రేపల్లె ప్యాసింజర్ దిగి వచ్చినవారైనా ఈ మాటలో తేడా ఉండదు. చేతిలో ఎక్స్‌రే కవరు ఉంటుంది. కొందరికి ఆ మాట డాక్టరే చెప్పి ఉంటారు, కొందరికి ఎక్స్‌రే తీసిన కుర్రాడు, కొందరికి పక్కింటావిడ. ఎవరు చెప్పినా జరిగేది ఒకటే. నడక ఆగిపోతుంది. మేడ మెట్లు ఎక్కడం మానేస్తారు. రెండేళ్లు తిరిగేసరికి ఒక షుగర్ మాత్ర వేసుకునేవారు మూడు వేసుకుంటుంటారు.

నేను ఎముకల డాక్టర్ని కాను, జనరల్ మెడిసిన్ చదివినవాణ్ని. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నానని అనుకోకండి. మోకాలికీ షుగర్‌కీ, మోకాలికీ కిడ్నీకీ నిజంగానే ముడి ఉంది. నడక మానేసినవారి షుగర్, నొప్పి మాత్రలు మింగినవారి కిడ్నీ చివరికి వచ్చేది మా గదికే. అందుకే సూటిగా చెబుతున్నాను. “గుజ్జు అరిగింది” అనే మాట మన ఇళ్లలోంచీ, మా ఆసుపత్రుల్లోంచీ కూడా పోవాలి. అది పూర్తి అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం మోకాలికి జానెడు పైన, తొడలో ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ముందు గుజ్జంటే ఏమిటో చూద్దాం. ఈ ఒక్క మాట కింద రెండు వేర్వేరు వస్తువులు దాక్కున్నాయి. కోడి కాలు తినేవారికి మొదటిది బాగా తెలుసు. ఎముక చివర తెల్లగా, నున్నగా, లేత కొబ్బరిలా మెరిసే పొర. దాన్నే మృదులాస్థి అంటాం. మన తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర, మోకాటి చిప్ప వెనక వైపు ఈ పొర ఉంటుంది. మందం కొద్ది మిల్లీమీటర్లే. రెండోది ద్రవం. కీలు చుట్టూ ఉన్న సంచి లోపలి పొర దీన్ని ఊరిస్తుంది. గుడ్డు తెల్లసొనలా జిగటగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఇది ఒక టీ చెంచాడు కూడా ఉండదు. మోకాలు వాచినప్పుడు ఇదే పెరిగి నిండుతుంది. అంటే “గుజ్జు తగ్గిపోయింది” అని బాధపడేవారి మోకాలిలో చాలాసార్లు ద్రవం ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంటుంది. ఇవి రెండూ కాక తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య, లోపలి వైపు ఒకటీ బయటి వైపు ఒకటీ, నెలవంక ఆకారంలో రెండు మెత్తని దిండ్లు ఉంటాయి. వాటినీ కలిపి గుజ్జనే అంటారు. ఇలా మూడింటికీ ఒకే పేరు పెడితే ఏది పాడైందో, ఏది బాగుందో తెలిసేదెలా?

ఇప్పుడు అసలు విషయం. ఈ మృదులాస్థికి రక్తనాళాలు లేవు. ఎముకకు ఉన్నాయి, కండరానికి బోలెడు ఉన్నాయి, చర్మానికి ఉన్నాయి. మృదులాస్థికి మాత్రం లేవు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టినా, పెద్దాసుపత్రిలో ప్లాస్టర్ వేసినా, ఆ కట్టు చేసే పని ఎముకను కదలకుండా పట్టుకోవడమే. అతుక్కునేది ఎముక తనంతట తానే, రక్తం అందుతుంది కాబట్టి. మృదులాస్థికి ఆ అదృష్టం లేదు. మరి దానికి తిండి ఎలా అందుతుంది? కీలులోని ద్రవం నుంచే. స్పాంజిని నొక్కి వదిలితే నీళ్లు పీల్చుకున్నట్టు, కాలు మోపినప్పుడు ఈ పొర నొక్కుకుంటుంది, ఎత్తినప్పుడు ద్రవాన్ని పీల్చుకుంటుంది. ప్రతి అడుగూ దానికి ఒక ముద్ద. నడక మానేసి మోకాలికి విశ్రాంతి ఇస్తున్నామని అనుకునేవారు నిజానికి ఆ పొరకు తిండి తగ్గిస్తున్నారు.

ఇంకో సంగతి వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ పొరలో నొప్పిని చెప్పే నరాలు కూడా లేవు. కాబట్టి నొప్పి పుట్టేది అక్కడ కాదు. దాని కింద ఉన్న ఎముకలోనో, ద్రవాన్ని ఊరించే పొర వాచడం వల్లనో, కీలు చుట్టూ ఉన్న సంచిలోనో, పట్టీల్లోనో, కండరం ఎముకకు అతికే చోటనో నొప్పి పుడుతుంది. ఎక్స్‌రేలో మృదులాస్థి అసలు కనపడదు. కనపడేది రెండు ఎముకల మధ్య ఖాళీ మాత్రమే. ఆ ఖాళీ బాగా తగ్గి కూడా హాయిగా తిరిగేవారున్నారు. ఖాళీ బాగానే ఉండి మంచం దిగలేనివారూ ఉన్నారు. ఎక్స్‌రేను గోడకు ఆనించి చూపిస్తూ “ఇదిగో అరిగింది” అన్నప్పుడు రోగి మనసులో పడే ముద్ర ఎంత లోతైనదో మా డాక్టర్లు ఎక్కువగా ఆలోచించరు. బండి టైరులా తన మోకాలికి ఇన్ని కిలోమీటర్లే రాసిపెట్టి ఉందని, తిరిగితే ఆ లెక్క అయిపోతుందని ఆయన అనుకుంటాడు. మోకాలు టైరు కాదు. అది ప్రాణమున్న కణజాలం, వాడకాన్ని బట్టి మారుతుంది.

ఈ ప్రాంతం వారికి అరుగుదలతో పని లేకుండా కీళ్లనొప్పులు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. 2005-06లో చికున్‌గున్యా వచ్చినప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కూడా గోడ పట్టుకుని నడిచారు. వాళ్ల గుజ్జు వారంలో అరిగిపోయిందా? లేదు. కీలు లోపలి పొర వాచింది. నొప్పంటే అరుగుదలే అనుకోవడం ఎంత తప్పో చెప్పడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

మోకాలిని మోసేది ఎవరు?

మోకాలు పెద్ద కీలే గానీ తనంతట తాను నిలబడలేని కీలు. తుంటి కీలును చూడండి. బంతిని గిన్నెలో పెట్టినట్టు ఎముకలే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మోకాలిలో అలాంటి గిన్నె లేదు. దాదాపు చదునుగా ఉన్న కాలి ఎముక మీద తొడ ఎముక గుండ్రటి చివర్లు దొర్లుతుంటాయి. పడిపోకుండా పట్టుకునేవి లోపల కత్తెరలా ఉన్న రెండు పట్టీలు, పక్కల రెండు పట్టీలు, ఆపైన కండరాలు. తొడ ముందు భాగంలో నాలుగు కండరాలు కలిసి మోకాటి చిప్పను పట్టుకుని, దాని మీదుగా కాలి ఎముకకు అతుకుతాయి. తొడ వెనక మూడు. కింద నుంచి పిక్క కండరాలు. పై నుంచి పిర్ర కండరాలు. పిర్ర పక్క కండరం బలహీనమైతే అడుగేసిన ప్రతిసారీ నడుం ఒక పక్కకు వాలి, మోకాలు లోపలికి తిరుగుతుంది. మోకాలి నొప్పికి పిర్రకు వ్యాయామం చెబితే జనం నవ్వుతారు, కారణం మాత్రం ఇదే.

బరువు లెక్క కూడా ఒకసారి చూడాలి. కృత్రిమ మోకాలిలో కొలిచే పరికరం అమర్చి చూసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, మామూలు నడకలో మోకాలి మీద పడే భారం శరీర బరువుకు రెండున్నర రెట్లు. మెట్లు దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు. 70 కిలోల మనిషి తెనాలి స్టేషన్ వంతెన దిగుతుంటే ఒక్కో అడుగుకు ఒక్కో మోకాలి మీద సుమారు 240 కిలోలు. ఆ భారాన్ని మెల్లగా దించాల్సింది తొడ కండరం. బస్తాను ఇద్దరు పట్టుకుని నెమ్మదిగా కింద పెట్టడానికీ, ధభాలున వదిలేయడానికీ ఎంత తేడా ఉందో, బలమైన తొడకూ బలహీనమైన తొడకూ అంత తేడా. ఎక్కడం కంటే దిగడమే కష్టంగా ఉందని చాలామంది చెప్పడానికి కారణం కూడా ఇదే. బరువు తగ్గమని మేం పోరేదీ ఇందుకే. ఒక కిలో తగ్గితే మోకాలి మీద అడుగుకు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో చేసిన అధ్యయనం లెక్క చెప్పింది.

ముప్పై దాటిన తర్వాత పట్టించుకోకపోతే పదేళ్లకు 3 నుంచి 8 శాతం చొప్పున కండరం కరిగిపోతూ ఉంటుంది. అరవై దాటాక ఇంకా వేగం. దీన్ని బరువు యంత్రం చూపించదు. కండరం పోయిన చోట కొవ్వు చేరుతుంది, ముల్లు అక్కడే ఉంటుంది. చీర మీద, పంచె మీద తొడ ఎవరికీ కనపడదు కాబట్టి ఇంట్లోవాళ్లకూ తెలియదు. దీనికి తోడు మోకాలిలో నీరు చేరితే, తొడ కండరానికి వెళ్లే ఆజ్ఞను వెన్నుపాము తనంతట తానే తగ్గించేస్తుంది. కీలును కాపాడటానికి శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. కానీ అది నెలల తరబడి సాగితే తొడ ఇంకా కరుగుతుంది, మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. మనిషి ఇంకా కదలడు. నేను చూసే చాలామంది ఈ సుడిలోనే ఉన్నారు.

శుభవార్త ఏమిటంటే, పోయిన మృదులాస్థిని తిరిగి తెచ్చే మందు ఈ రోజు మన దగ్గర లేదు గానీ పోయిన కండరాన్ని తిరిగి తెచ్చే దారి ఉంది. ఏ వయసులోనైనా ఉంది. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో తొంభై ఏళ్ల వయసు వారితో ఎనిమిది వారాలు తొడ కండరాలకు బరువులతో వ్యాయామం చేయించారు. పది మందితో మొదలైన చిన్న అధ్యయనమే. కానీ వారి తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో సాధ్యమైనది యాభై ఐదులో కాదా?

అదే బోస్టన్‌లో అంతకు అరవై మూడేళ్ల ముందు, 1927లో, మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్ కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టారు. కుర్చీలోంచి దిగ్గున లేచే ఆ మొదటి రెండు మూడు సెకన్లకు కావాల్సిన శక్తి కండరంలో అప్పటికప్పుడు తయారుగా ఉండేది దాని వల్లే. సుబ్బారావు గారిని మందుల విషయంలో తలుచుకుంటాం గానీ, మనం కూర్చున్న చోటు నుంచి లేచిన ప్రతిసారీ ఆయన కనిపెట్టిన వస్తువే ఖర్చవుతోందని పాఠ్యపుస్తకాల్లో ఇంకాస్త గట్టిగా చెబితే బాగుండును.

‘నరం’ అనే రెండో చిక్కు

గుజ్జు తర్వాత మన దగ్గర ఇంకో మాట ఉంది, నరం. నాడి నరమే, రక్తనాళం నరమే, కండరాన్ని ఎముకకు కట్టే తాడూ నరమే, ఎముకను ఎముకకు కట్టే పట్టీ కూడా నరమే. రాత్రి పిక్క కండరం బిగిస్తే “నరం పట్టేసింది” అంటాం. తొడలో శక్తి లేక మెట్టు ఎక్కలేకపోతే “నరాల బలహీనత” అంటాం. నరాల బలహీనతకు ఊళ్లో ఒక మందు సిద్ధంగా ఉంటుంది, ఎర్రటి విటమిన్ ఇంజెక్షన్. బి12 నిజంగా తగ్గినవారికి అది మంచి మందే, కాదనను. శాకాహారుల్లో, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో అది తగ్గడం మామూలే, పరీక్ష చేయించుకోవాలి. కానీ కండరం బలహీనపడితే ఇంజెక్షన్ ఏం చేస్తుంది? పది ఇంజెక్షన్లు పొడిపించుకున్నా కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనించాల్సిందే. భాష తప్పుగా ఉంటే వైద్యం కూడా తప్పు చోటికి వెళ్తుంది.

డబ్బు కూడా వెళ్తుంది. గుజ్జు తగ్గితే గుజ్జు నింపాలి అనుకోవడం సహజం. అందుకే “గుజ్జు ఇంజెక్షన్లు”, “గుజ్జు పెంచే పౌడర్లు” ఇంత బాగా అమ్ముడవుతున్నాయి. పౌడర్లలో, మాత్రల్లో ఎక్కువగా ఉండే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్‌ల మీద అమెరికాలో 1,583 మందితో చేసిన పెద్ద పరీక్ష 2006లో వెలువడింది. మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే అవి మెరుగని తేలలేదు. బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు 2022లో గ్లూకోసమైన్ వద్దన్నాయి, గుజ్జు ఇంజెక్షన్ అని మనవాళ్లు పిలిచే హైలురోనిక్ యాసిడ్ కూడా వద్దన్నాయి. మోకాలి అరుగుదల ఉన్న ప్రతి ఒక్కరికీ ఇవ్వాలని చెప్పింది వ్యాయామం. ఏ మందుల దుకాణంలోనూ అది దొరకదు. దాని మీద ఎవరికీ కమీషన్ రాదు. మా చీటీల్లో కూడా మాత్రలకు ఆరు వరసలుంటే వ్యాయామానికి ఒక్క వరస ఉండదు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంగతి వేరు. మోకాలు బాగా వాచినప్పుడు నిపుణుడు ఒకసారి ఇస్తే కొన్ని వారాలు ఉపశమనం వస్తుంది, తప్పు లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా వేయించుకోవడమే తప్పు. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు స్టెరాయిడ్ ఇచ్చి, ఇంకొందరికి ఉప్పునీళ్లు ఇచ్చి పోల్చిన అధ్యయనం 2017లో వచ్చింది. నొప్పిలో తేడా లేదు, మృదులాస్థి మాత్రం స్టెరాయిడ్ వేసినవారిలోనే ఎక్కువ తగ్గింది. ఇక ఊరూ పేరూ లేని నల్ల మాత్రలు, కాగితం పొట్లాల పొడులు. రెండు రోజుల్లో నొప్పి ఎగిరిపోయి, ఆకలి పెరిగి, నెల తిరిగేసరికి మొహం గుండ్రంగా ఉబ్బి, షుగర్ ఆకాశానికి వెళ్తే అందులో స్టెరాయిడ్ ఉందని అనుమానించాల్సిందే. అలాంటి మందు చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి రండి. తిట్టరు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది మామూలు నొప్పి మాత్ర. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి చీటీ లేకుండానే పదేసి కొని ఇంట్లో పెట్టుకుంటారు. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర, వీటికి తోడు రోజూ ఒక నొప్పి మాత్ర. ఈ మూడూ ఒకే ఒంట్లో కలిస్తే కిడ్నీ దెబ్బతింటుంది. మే నెల ఎండలో ఒళ్లంతా చెమటలు కారి నీరు తగ్గినప్పుడు మరీ వేగంగా. బీపీ మాత్ర ఒక డాక్టరు రాస్తారు, నొప్పి మాత్ర ఇంకొకరు రాస్తారు లేదా ఎవరూ రాయరు, రెండూ కలిసేది రోగి కడుపులోనే. పైపూతగా రాసే డైక్లోఫెనాక్ జెల్ మోకాలికి బాగానే పనిచేస్తుంది, ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. ముందు అది వాడి చూడటం తెలివైన పని. నువ్వుల నూనె మర్దన హాయిగా ఉంటే చేసుకోండి. నూనె కీలులోకి ఇంకదు గానీ కండరం సేదతీరుతుంది. అమ్మ కాళ్లకు కోడలో మనవడో నూనె రాస్తూ పది నిమిషాలు కూర్చుంటే అదీ మందే.

అందరి మోకాళ్లూ ఒకటి కాదు

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. “మా అమ్మమ్మ రోలు రుబ్బింది, పొలం వెళ్లింది, ఆమెకు మోకాళ్ల నొప్పులే లేవు” అని పాతకాలాన్ని పొగిడేవారితో నేను ఏకీభవించను. వేమూరు, భట్టిప్రోలు వైపు బురదలో రోజంతా నడుం వంచి నాట్లు వేసే ఆడవారికీ, చీరాలలో గుంట మగ్గం మీద కూర్చుని గంటల తరబడి కాళ్లు ఆడించే నేతకారులకూ కీళ్ల బాధలు తక్కువేమీ కాదు. వాళ్లకు భారం ఎక్కువ, విశ్రాంతి తక్కువ, తిండి అంతంత మాత్రం. వాళ్లకు “ఇంకా నడవండి” అని చెప్పడం అన్యాయం. వాళ్లకు కావాల్సింది పనిలో మార్పు, మధ్యలో విరామం.

ఈ పేజీ చదివే ఇళ్లలో పరిస్థితి దీనికి తలకిందులు. గ్రైండరు, వాషింగ్ మెషీన్, నిలబడి వండే పొయ్యి, కుర్చీ మీద పూజ, కమోడ్, వీధి చివర పాల ప్యాకెట్‌కు కూడా స్కూటీ. ఇవి సౌకర్యాలే, వద్దనడానికి నేనెవర్ని? కానీ ఒకప్పుడు రోజుకు పాతిక ముప్పై సార్లు నేల మీద కూర్చుని లేవడం వల్ల తొడకు అడగకుండానే అందిన వ్యాయామం మొత్తం పోయింది. దాని బదులు ఇంకోటి పెట్టుకోలేదు. పైగా నలభై ఐదేళ్లకే “కింద కూర్చోకండి, మెట్లెక్కకండి” అని అందరికీ ఒకే సలహా. మోకాలు బాగా వంకరపోయి, కీలు బిగుసుకుపోయినవారికి కింద కూర్చోవడం నిజంగానే కష్టం, వాళ్లు మానేయాలి. అప్పుడప్పుడు చిప్ప దగ్గర నొప్పి, కాస్త కటకట శబ్దం ఉన్నవారికి ఆ సలహా ఎందుకు? శబ్దం ఒక్కటే ఉండి, నొప్పీ వాపూ లేకపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

మీ ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించండి. రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, ఐదు సార్లు పూర్తిగా లేచి కూర్చోండి. ఫోనులో సెకన్లు చూడండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కండరం తగ్గుతోందని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టిన గీత. పెద్దవారు చేస్తుంటే పక్కన ఒకరు నిలబడండి. లేవలేకపోతే సిగ్గుపడేదేమీ లేదు, మొదలుపెట్టాల్సిన చోటు తెలిసిందన్నమాట.

మొదలు మంచం మీదే. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని దాన్ని కిందకు నొక్కుతూ ఐదు అంకెలు లెక్కపెట్టాలి. పది సార్లు. తర్వాత వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, రెండో కాలును నిటారుగా జానెడు ఎత్తు లేపి నిలపాలి. వారం రెండు వారాల్లో ఇది తేలికవుతుంది. అప్పుడు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం. కుర్చీ ఎత్తు ఎక్కువైతే సులువు, కాబట్టి మొదట రెండు దిండ్లు వేసుకుని, ఒక్కో దిండూ తీసేస్తూ రండి. కూర్చునేటప్పుడు ధభాలున పడకుండా మెల్లగా దిగడమే ఇందులో అసలు పని. పక్కకు తిరిగి పడుకుని పై కాలు లేపడం పిర్రకు. వంటగది గట్టు పట్టుకుని మడమలు లేపడం పిక్కకు. మొత్తం పదిహేను నిమిషాలు. వారానికి మూడు రోజులు కండరానికి, మిగతా రోజులు నడక. కాస్త నొప్పి ఉన్నా చేయవచ్చు. మర్నాడు ఉదయానికి నొప్పి ముందుకంటే పెరిగి ఉంటేనో, మోకాలు వాస్తేనో ఆ రోజు చేసింది ఎక్కువైందని అర్థం, కాస్త తగ్గించాలి, మానేయకూడదు. ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నాలుగో రోజునే “తగ్గలేదండీ” అని వచ్చేవారితోనే మాకు చిక్కు. గుండె జబ్బు ఉన్నవారు, ఈ మధ్య ఆపరేషన్ అయినవారు మొదలుపెట్టే ముందు తమ డాక్టరును అడగాలి.

కండరం పెరగాలంటే ఇటుకలు కావాలి, అవి మాంసకృత్తులు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. వయసు మీదపడినవారికి ఇంకాస్త ఎక్కువే ఉండాలని చాలామంది నిపుణులు అంటున్నారు. మన డెల్టా భోజనంలో కొండంత అన్నం, దాని మీద పలచటి పప్పుచారు. రాత్రికి మజ్జిగన్నంతో సరి. పెద్దవాళ్లకైతే “అరగదు” అని ఆ పప్పు కూడా తగ్గించేస్తాం. వరి కోతల తర్వాత ఇదే నేల మీద పండే మినుముల్లో నూటికి ఇరవై గ్రాములకు పైగా మాంసకృత్తులున్నాయి. సున్నుండ బలమని పెద్దలు ఊరికే అనలేదు, కాకపోతే అందులో బెల్లం, నెయ్యి కూడా ఉన్నాయి కాబట్టి షుగర్ వాళ్లు పొట్టు మినపట్టు వైపు చూడాలి. రెండు గుడ్లు, గట్టి పప్పు, ఒక గిన్నెడు పెరుగు, కుదిరినవారికి చేప. రేపల్లె, నిజాంపట్నం పక్కనే ఉండగా ప్రోటీన్ డబ్బాలు ఎందుకు? కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు, వాళ్లు అడిగి తినాలి.

వ్యాయామంతో సరిపెట్టుకోకూడని సందర్భాలున్నాయి. ఉదయం లేవగానే వేళ్లు, మణికట్లు గంటకు పైగా బిగుసుకుని ఉంటే అది అరుగుదల కాకపోవచ్చు. రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు, దానికి వేరే మందులున్నాయి, ఆలస్యమయ్యేకొద్దీ కీళ్లు వంకరపోతాయి. ఒక్క కీలే ఎర్రగా, వేడిగా, జ్వరంతో వాస్తే ఆ రోజే ఆసుపత్రికి రావాలి. రాత్రిళ్లు నిద్రలేపే నొప్పి, తగ్గని వాపు, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిపోయిన తర్వాత కాలు మోపలేకపోవడం, ఇవేవీ ఇంట్లో చూసుకునేవి కావు. తొడలు, భుజాలు రెండు పక్కలా బలహీనపడుతుంటే థైరాయిడ్, విటమిన్ డి చూడాలి. కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాక కండరాల నొప్పి వస్తే మాత్ర మీరే మానేయకుండా రాసిన డాక్టరుకు చెప్పండి.

మోకాలి మార్పిడి ఆపరేషన్‌కు నేను వ్యతిరేకిని కాను. రోజులో నాలుగడుగులు కూడా వేయలేని, నిద్ర పట్టని స్థితిలో ఉన్నవారికి అది చాలా మంచి ఆపరేషన్. కానీ సర్జన్ మార్చేది ఎముక చివర్లను. తొడను మార్చరు. కొత్త మోకాలిని మోయాల్సింది పాత తొడే. అందుకే ఆపరేషన్‌కు తేదీ తీసుకున్నవారికి కూడా నేను చెప్పేది ఆ రోజు నుంచే తువ్వాలు చుట్టి నొక్కడం మొదలుపెట్టమని. ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపిస్టు దగ్గరికి నాలుగు రోజులు వెళ్లి, ఆటో ఖర్చు ఎక్కువని మానేసేవారు చాలామంది. లక్షలు పెట్టి వేయించుకున్న కీలు బిగుసుకుపోయేది అక్కడే. బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రే గది ఎంత తప్పనిసరో ఫిజియోథెరపిస్టు గది కూడా అంతే తప్పనిసరి కావాలని నా కోరిక. అది వచ్చేలోపు, ఇంట్లో ఉన్న డిగ్రీ చదివే పిల్లలు ఈ పైన చెప్పినవి నేర్చుకుని నానమ్మకు లెక్కపెట్టి చేయించవచ్చు. ఆమె కుర్చీలోంచి లేవబోతుంటే వెంటనే చెయ్యి అందించకండి. పక్కన నిలబడి, మూడు అంకెలు లెక్కపెట్టి, అప్పటికీ లేవలేకపోతే అందించండి.